ఒంటిగంట కచేరీ: చిత్తూరు చర్చిలో వయొలిన్, పియానో వినిపించాలంటే

చిత్తూరులో ఎవరినైనా మధ్యాహ్నం ఒంటిగంటకు కచేరీకి రమ్మంటే ముందు అడిగే మాట, "మరి అన్నం ఎప్పుడు తినేది?" న్యాయమైన ప్రశ్నే. సాయంత్రం ఆరున్నరకు మొదలై తొమ్మిదికి మంగళం పాడే కచేరీలు మనకు అలవాటు. పనిరోజు లంచ్ టైములో వచ్చి, చర్చి బెంచీ మీద కూర్చుని, నలభై నిమిషాలు వయొలిన్, పియానో విని, రెండింటికల్లా మళ్ళీ సీట్లో ఉండడం కొత్త. మేము కొంతమందిమి కలిసి ఇలాంటివి నాలుగు చేశాం. మొదటిది సగం చెడింది. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ చెడినదాని పుణ్యమే.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది లండన్. 1939లో యుద్ధం మొదలవగానే అక్కడి నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ తీసేసి దూరంగా దాచారు. రాత్రిళ్ళు దీపాలు ఆర్పాలి కాబట్టి సాయంత్రం కచేరీలు నిలిచిపోయాయి. మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు ఆ ఖాళీ గదుల్లో మధ్యాహ్నం కచేరీలు పెడదామంది. అక్టోబర్ 10న మొదటిది తనే వాయించింది. టికెట్ ఒక షిల్లింగు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, 1946 వరకు సాగాయి. మొత్తం 1,698 కచేరీలు. పక్కనే శాండ్‌విచ్‌లు అమ్మే క్యాంటీన్ కూడా నడిపారు. అంటే అన్నం ప్రశ్న వాళ్ళకూ వచ్చిందన్నమాట.

ఇదంతా తెల్లవాళ్ళ సంగతి, మనకెందుకు అనే పెద్దమనిషి ప్రతి మీటింగులోనూ ఒకాయన ఉంటాడు. ఆయనకు రెండు మాటలు చెప్పండి. వయొలిన్‌ను కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన బాలుస్వామి దీక్షితులు (1786-1859) దాన్ని నేర్చుకున్నది మద్రాసులో యూరోపియన్ వాద్యకారుల దగ్గరే. ఇక పియానో వైపు నుంచి చూస్తే, 1919 ఫిబ్రవరిలో టాగోర్ మన మదనపల్లెకు వచ్చినప్పుడు ‘జనగణమన’ బాణీకి స్వరలిపి కట్టడంలో సాయం చేసింది డబ్లిన్‌లో సంగీతం చదివిన మార్గరెట్ కజిన్స్. అప్పట్లో మదనపల్లె చిత్తూరు జిల్లాలోదే. ఈ రెండూ చెప్పాక ఆయన సాధారణంగా చందా రాస్తాడు.

మూడు నెలల ముందు: రోజు, గంట

అన్నిటికన్నా ముందు గడియారం. విద్వాంసులూ కాదు, పియానో కూడా కాదు. వచ్చేవాళ్ళకున్నది ఒక గంట, అదీ వాళ్ళ సొంతం కాదు, ఆఫీసుది. కోర్టు నుంచి, కలెక్టరేట్ నుంచి, బ్యాంకుల నుంచి నడిచో స్కూటర్ మీదో రావడానికి పది నిమిషాలు, తిరిగి వెళ్ళడానికి పది. మిగిలింది నలభై. అందుకే 1.10కి మొదలు, 1.50కి ముగింపు. ఈ రెండు అంకెలు కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. ఆ తర్వాత వచ్చే ప్రతి నిర్ణయం ఈ అంకెల దగ్గరే తేలుతుంది.

రోజు విషయానికొస్తే శుక్రవారం వద్దు. చాలా చర్చిల్లో ఉపవాస ప్రార్థన ఆ పూటే. మసీదులోనూ జుమ్మా కాబట్టి రావాలనుకున్న ముస్లిం మిత్రులు రాలేరు. సోమవారం ఆఫీసుల్లో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి తీసుకోండి.

నెల అంటే మాత్రం చాలా వడపోత ఉంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. ఆ తేమకు వయొలిన్ బిరడలు బిగుసుకుపోతాయి, పియానో మెట్లు ఉబ్బి పైకి లేవవు. డిసెంబర్ అంతా చర్చికి క్రిస్మస్ హడావిడి. జనవరి మధ్యలో సంక్రాంతి. మార్చి వచ్చిందంటే మధ్యాహ్నం ఒంటిగంటకు చిత్తూరు రోడ్డు మీద కాలు పెట్టలేం. మిగిలింది జనవరి చివరి వారం, ఫిబ్రవరి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాల శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం ఏ ఏడాదికి ఆ ఏడాది మారుతుంది. ఫిబ్రవరి 4 కన్నా ముందు రాదు, మార్చి 10 దాటదు. శ్రమ దినాల్లో కచేరీకి కొన్ని చర్చిలు ఒప్పుకోవు, కొన్ని గంభీరమైన సంగీతమైతే సరే అంటాయి. తేదీ ఖాయం చేసేముందు ఆ ఏటి చర్చి క్యాలెండర్ ఒకసారి చూడండి.

తిరుపతిలో చేసేవాళ్ళు దీనికి తోడు ఇంకొకటి చూసుకోవాలి. బ్రహ్మోత్సవాలు, రథసప్తమి రోజుల్లో ఊళ్ళో ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రథసప్తమి సరిగ్గా జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది.

అయ్యగారితో మాట

చర్చిని హాలులాగా బుక్ చేసుకోలేం. ముందు అయ్యగారిని, అంటే పాస్టర్‌ను కలవాలి, ఆయన కమిటీలో పెడతారు, కమిటీ నెలకోసారి కూర్చుంటుంది. మూడు నెలల ముందు మొదలుపెట్టమన్నది ఇందుకే. ఉత్తరం తెలుగులోనే రాయండి. అందులో ఏం వాయిస్తామో పాటల జాబితా, ఎంతసేపు, ఎంతమంది, బలిపీఠం దగ్గర ఏమీ కదపం అన్న హామీ, కరెంటు ఖర్చు మేమే ఇస్తాం అన్న మాట ఉంటే చాలు. జాబితా లేకుండా వెళ్తే "సినిమా పాటలు వాయించరు కదా?" అని అడుగుతారు. జాబితా ఉంటే ఆ ప్రశ్న రాదు.

క్యాథలిక్ చర్చి అయితే నిబంధనలు ఇంకాస్త గట్టిగా ఉంటాయి. చర్చిల్లో కచేరీల గురించి వాటికన్ 1987 నవంబర్ 5న ఒక ఉత్తరం పంపింది. దాని ప్రకారం ప్రవేశానికి డబ్బు తీసుకోకూడదు, తలుపులు అందరికీ తెరిచి ఉండాలి, వాయించేవాళ్ళు బలిపీఠం ఉన్న చోట కూర్చోకూడదు. సంగీతం కూడా ఆ చోటికి తగ్గది కావాలి. మీరు ఏ చర్చిలో చేసినా ఈ నియమాలు పెట్టుకుంటే మంచిదే. టికెట్ పెడితే గేటు దగ్గర చిల్లర కోసం ఐదు నిమిషాలు పోతాయి. మనకున్నవే నలభై. తలుపు దగ్గర హుండీలాంటి డబ్బా ఒకటి పెట్టండి, ఇచ్చేవాళ్ళు ఇస్తారు.

ఇక్కడే అడగాల్సిన చిన్న సంగతి చెప్పులది. మన వైపు చాలా చర్చిల్లో చెప్పులు బయటే విడుస్తారు. వినేవాళ్ళకు ఇబ్బంది లేదు. పియానో వాయించేవాళ్ళకు ఉంది. ఏళ్ళ తరబడి బూట్లతో పెడల్ తొక్కడం అలవాటైన పాదానికి ఒట్టి ఇత్తడి పెడల్ తగిలితే బరువు అందదు. మా మొదటి కచేరీలో పాపం ఆ అమ్మాయికి ఈ సంగతి అక్కడికి వచ్చేదాకా తెలియదు. బాక్ రచన వాయించినంతసేపూ పెడల్ ఆలస్యంగా లేచి స్వరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఉత్త కాళ్ళతోనో సాక్సుతోనో వారం రోజులు సాధన చేయమని ముందే చెప్పండి.

పియానో ఎక్కడిది?

అసలు తలనొప్పి ఇదే.

పాత మిషన్ చర్చిల్లో ఒక మూల, గుడ్డ కప్పి, ఒక అప్‌రైట్ పియానో (బీరువాలా నిలువుగా ఉండేది) ఉండే అవకాశం ఉంది. చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్ పని చేసింది. వాళ్ళతో పాటు హార్మోనియంలు, ఆర్గన్‌లు, పియానోలు కూడా వచ్చాయి. గుడ్డ తీసి చూసి సంబరపడకండి. ఈ నాలుగూ చూడండి.

ముందు పియానో నడిమధ్య ఉండే ‘సి’కి పైనున్న ‘ఎ’ (A) స్వరాన్ని ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి చూడండి. మన లెక్కలో అది ఆరు శ్రుతి, హార్మోనియం సి నుంచి ఆరో తెల్ల మెట్టు. అది 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. ఏళ్ళుగా శ్రుతి చేయనిది 425కో 430కో జారి ఉంటుంది. రెండో పని, 88 మెట్లూ ఒక్కొక్కటే నొక్కండి. కిందికి వెళ్ళి పైకి రానివి తేమకు ఉబ్బినవి. వాటికి మందుంది. అసలు పలకనివాటి సంగతి లోపల చూడాలి. మూడోది, ముందువైపు పై పలక, కింది పలక తీసి టార్చి వేయండి. సుత్తుల మీద, పెడల్ కడ్డీల దగ్గర తెల్లటి ఉన్ని ఉంటుంది. మేము చూసినదాంట్లో దాన్ని ఎలుకలు కొరికి గూడు కట్టుకున్నాయి. గూడు చాలా బాగా కట్టుకున్నాయి, అది వేరే సంగతి. నాలుగోది, కుడి పెడల్ తొక్కి వదిలినప్పుడు ధ్వని ఠక్కున ఆగుతుందా చూడండి. ఆగకపోతే తీగల మోతను ఆపే డ్యాంపర్లు అరిగాయి.

శ్రుతి చేసేవాళ్ళు చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి. నెల ముందే పిలవండి. ఎందుకంటే పియానోలో దాదాపు 230 తీగలుంటాయి. చాలా కిందికి జారినవాటిని ఒకేసారి 440కి లాగితే అన్నిటి బిగువూ కలిసి చట్రం మీద పడుతుంది. ఒకవైపు శ్రుతి చేస్తుంటే ఇంకోవైపు జారిపోతుంది. అందుకే మొదటిసారి వచ్చి మొత్తంగా పైకి లాగి వెళ్తారు, రెండుమూడు వారాలు తీగలు కుదురుకున్నాక మళ్ళీ వచ్చి సన్నగా సరిచేస్తారు. రెండుసార్ల దారి ఖర్చు ఇవ్వాల్సి వస్తుంది. మేము మొదటిసారి ఆ రెండో రాకను మిగిల్చాం. కచేరీ రోజుకు పై స్థాయి అంతా పుల్లగా తయారైంది. వయొలిన్‌ను కిందికి దించి వాయించడం తప్ప దారి లేకపోయింది.

ఇదంతా కుదరకపోతే డిజిటల్ పియానో. చిన్నతనంగా అనుకోకండి. 88 మెట్లు, బరువుగా ఉండే మెట్లు, స్వరాన్ని మోగుతూ నిలిపే సరైన సస్టెయిన్ పెడల్ ఉండాలి. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా వాళ్ళ 61 మెట్ల కీబోర్డు మీద మోజార్ట్ వాయించమని ఎవరినీ అడగొద్దు. అది అవమానం. డిజిటల్‌లో ఉన్న మేలు, ఇద్దరు మనుషులు ఎత్తి ఆటోలో పెట్టుకుపోవచ్చు. అప్‌రైట్ అయితే 200 కిలోలు పైమాటే. చెడు, ధ్వని స్పీకర్ నుంచి వస్తుంది. స్పీకర్‌ను గోడకు పైన కట్టేస్తే పియానో ఒకచోట, వయొలిన్ ఒకచోట వినిపిస్తాయి. దాన్ని పియానో కిందో పక్కనో నేల మీద, వయొలిన్‌కు దగ్గరగా పెట్టండి. కరెంటు పోతే చర్చి ఇన్వర్టర్ సరిపోతుంది, అది లాగేది చాలా తక్కువ. ఫ్యాన్లన్నీ అదే ఇన్వర్టర్ మీద ఉన్నాయేమో మాత్రం ముందే చూసుకోండి.

ఏం వాయించాలి

వాయించేవాళ్ళే ఎంచుకుంటారు, నిజమే. కానీ వాళ్ళను వదిలేస్తే స్వరకర్త ఫ్రాంక్ సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పెద్ద వాద్యరచన) వాయిస్తామంటారు. 1886లో ఒక మిత్రుడి పెళ్ళికి కానుకగా రాసిన గొప్ప సొనాటా అది. అరగంట నిడివి. అది ఒక్కటి అయ్యేసరికి లంచ్ అయిపోతుంది. బేతోవెన్ ‘స్ప్రింగ్’ సొనాటా కూడా అంతే, దాదాపు 24 నిమిషాలు. పేరు కూడా ఆయన పెట్టింది కాదు. నలభై నిమిషాలకు ఒక పెద్ద ముక్క, చుట్టూ నాలుగు చిన్నవి. మా చేతిలో బాగా కుదిరిన వరస ఇది.

మొదట బాక్ ‘ఎయిర్’, ఐదు నిమిషాలు. జనం ఇంకా వస్తూ ఉంటారు, చెప్పులు విడుస్తూ ఉంటారు. దీన్ని 1871లో విల్హెల్మీ అనే వయొలిన్ విద్వాంసుడు వయొలిన్‌కు మార్చాడు, మొత్తం మంద్ర తీగ ఒక్కదాని మీదే. మన చెవికి ఆ లాగుడు వెంటనే అందుతుంది.

తర్వాత మోజార్ట్ ఇ మైనర్ సొనాటా (ఇ ఆధారంగా, కాస్త దిగులు పలికే స్వరవరస), ఆయన రచనల జాబితాలో కె. 304. 12-13 నిమిషాలు, రెండే భాగాలు. నన్నడిగితే ఈ కచేరీ అంతా దీనికోసమే. 1778లో, ఆయనకు 22 ఏళ్ళప్పటిది. తల్లితో కలిసి పారిస్ వెళ్ళాడు, ఉద్యోగం దొరకలేదు, జూలై 3న తల్లి చనిపోయింది. ఆ ఏడాది రాసినది. వాద్యసంగీతంలో ఇ మైనర్‌లో ఆయన రాసినది ఇదొక్కటే. మొదలవడమే ఇద్దరూ ఒకే స్వరాలు కలిసి, పక్కన తోడు లేకుండా, మెల్లగా పలుకుతారు. రెండో భాగం మధ్యలో ఇ మేజర్‌లోకి మారే చోట ఒకటుంది. మూసిన గదిలో కిటికీ తలుపు ఎవరో చడీచప్పుడు లేకుండా తెరిచినట్టుంటుంది. మళ్ళీ మూసుకుంటుంది.

అన్నట్టు, ఈ సొనాటాలు అచ్చయినప్పుడు వాటిని పియానో సొనాటాలుగానే వేశారు, వయొలిన్ తోడుతో. అంటే వయొలినే పక్కవాద్యం. మన కచేరీల్లో జీవితమంతా పక్కవాద్యంగా ఉన్న వయొలిన్ అక్కడా అంతేనా అని మా ఊరి వయొలిన్ మాస్టారు ఒకాయన నవ్వారు. వాయించి చూస్తే ఎవరూ ఎవరికీ పక్క కాదు. అందుకే పియానో మూత పూర్తిగా మూసి, వయొలిన్‌ను ముందుకు నెట్టకండి.

మూడోది నొట్టుస్వరాలు, రెండు కలిపి మూడు నిమిషాలు. బాలుస్వామి అన్న ముత్తుస్వామి దీక్షితులు మద్రాసులో విన్న బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం రాశారు. ‘సంతతం పాహి మాం’ బాణీ బ్రిటిష్ వాళ్ళ ‘గాడ్ సేవ్ ది కింగ్’. శంకరాభరణం నేర్చుకునే పిల్లలకు ఇవి వచ్చే ఉంటాయి. చర్చిలో మాటలు పాడం, బాణీ మాత్రమే. మొదట పియానో బ్యాండులాగా ఒకసారి, తర్వాత వయొలిన్ మన గమకంతో ఒకసారి. మీటింగులో అడ్డుపడిన పెద్దమనిషికి కూడా ఇదే నచ్చింది.

తర్వాత మాస్నే ‘మెడిటేషన్’, 1894 నాటి ఒపెరాలో రెండు దృశ్యాల మధ్య వచ్చేది, ఐదు నిమిషాలు. చివర క్రైస్లర్ ‘లీబెస్‌లీడ్’, మూడున్నర. ఇంకొకటి అడిగితే పురుషోత్తమ చౌధరి గారి కీర్తన ఏదైనా ఒకటి. 19వ శతాబ్దంలో తెలుగు క్రైస్తవ కీర్తనకు మన రాగతాళాల్లో రూపమిచ్చినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. బెంచీల మీద కూర్చున్న సంఘపు అమ్మమ్మలు అది వినగానే గొంతు కలుపుతారు. కలపనివ్వండి.

ఆర్వో పెయార్ట్ ‘స్పీగెల్ ఇమ్ స్పీగెల్’ చర్చిలో అద్భుతంగా ఉంటుందని ఎవరైనా అంటారు. ఉంటుంది. కానీ దాదాపు పది నిమిషాలు ఒకే నెమ్మది. అన్నం తిన్న కడుపు, ఫ్యాన్ గాలి. గురకలు వినాల్సి వస్తుంది.

హక్కులు

ఇది త్వరగా తేలిపోయేదే. మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ళు. బాక్, మోజార్ట్, మాస్నే అందరిదీ ఎప్పుడో తీరింది. క్రైస్లర్ 1962లో పోయాడు కాబట్టి 2022తో తీరింది. మోసపోయేది మార్పుల దగ్గర. బార్టోక్ రొమేనియన్ నృత్యాలు తీసుకుంటే ఆయన పోయింది 1945లో, కానీ పియానో నుంచి వయొలిన్‌కు మార్చిన సెకెయ్ పోయింది 2001లో. ఆ మార్పు మీద హక్కు ఇంకా ఉంది. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘాలు చేసే ప్రదర్శనకు చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. విద్వాంసులకు పారితోషికం ఇచ్చి పిలిస్తే ఆ మినహాయింపు మీద ఆధారపడకుండా, హక్కులున్న ముక్కలను పక్కన పెట్టడమే తేలిక. హక్కులు తీరినవాటి స్వరలిపి కాగితాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

మైకు వద్దు

"ఏం సార్, మైకు లేకుండా కచేరీనా? ఎనక కూర్చున్నోళ్ళకి ఏం ఇనిపిస్తాది?" అని సౌండ్ సిస్టమ్ కుర్రాడు నిజంగానే బాధపడ్డాడు. అతన్ని ఆఖరి బెంచీలో కూర్చోబెట్టి, ముందు నుంచి వయొలిన్ మీద ఒక్క స్వరం సన్నగా లాగించాం. అంతే.

పాత చర్చికి ఎత్తైన కప్పు, గట్టి గోడలు, నున్నటి నేల. ధ్వని గోడలకు తగిలి మళ్ళీ మళ్ళీ వస్తుంది. బలిపీఠం ముందు మెట్టు దగ్గర నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్టు కొట్టి, ఆ మోత ఎంతసేపటికి ఆరిపోతుందో లెక్కపెట్టండి. ఖాళీ చర్చిలో రెండు సెకన్లకు మించి ఉంటే వేగంగా సాగే ముక్కలు అలుక్కుపోతాయి. జనం నిండితే బట్టలు, మనుషులు ధ్వనిని పీల్చుకుంటారు కాబట్టి కొంత తగ్గుతుంది. రిహార్సల్‌లో మరీ ఎక్కువ మోగుతోందని కంగారు పడొద్దు.

అప్‌రైట్ పియానోకు ధ్వని వచ్చేది వీపు వైపు నుంచి. దాన్ని గోడకు ఆనించి పెడితే నోరు మూసినట్టే. కనీసం జానెడు, వీలైతే రెండు జానలు ముందుకు లాగండి, పై మూత తెరవండి. నేరుగా గోడకేసి పెడితే వాయించే మనిషి వీపే అందరికీ కనిపిస్తుంది, వయొలిన్ మనిషి ఆమెకు కనిపించడు. అడ్డంగా తిప్పి, ఇద్దరి చూపులూ కలిసేలా పెట్టాలి. వయొలిన్ మీదున్న ఎఫ్ ఆకారపు రంధ్రాలు జనం వైపు చూడాలి. నిలబడ్డ మనిషి పాదం ఒక అడుగు తిరిగితే ధ్వనిలో వచ్చే తేడా మీకే తెలుస్తుంది. వెనక బెంచీలో కూర్చుని "కొంచెం ఇటు, ఇంకొంచెం" అని చెప్పేవాళ్ళు ఒకరుండాలి.

ఫ్యాన్ల దగ్గర రాజీ తప్పదు. పూర్తిగా ఆపితే జనం ఉక్కపోతకు లేచిపోతారు, ఐదు మీద పెడితే మంద్రస్వరాలు మింగేస్తాయి, కాగితాలు ఎగురుతాయి. వాయించేచోట పైనున్నది ఆపేసి, మిగతావి రెండు మీద. కాగితాలకు బట్టల క్లిప్పులు. రోడ్డు వైపు కిటికీలు మూసి, అవతలివి తెరవండి. ఆటో హారన్ ఎలాగూ ఒకటి మోజార్ట్ మధ్యలో పడుతుంది, దానికేం చేయలేం.

వారం ముందు

ప్రచారం పెద్ద పనేం కాదు. వాట్సాప్‌లో ఒక బొమ్మ, కోర్టు క్యాంటీన్‌లో, బ్యాంకుల్లో, కాలేజీల్లో ఒక్కో కాగితం. అందులో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉండాల్సిన మాట, "1.50కి అయిపోతుంది." దాని కింద, "అన్నం పొట్లం దొరుకుతుంది."

పేజీ తిప్పే మనిషిని వెతకడం పెద్ద పని. స్వరలిపి చదవడం రావాలి, నిదానం ఉండాలి. పియానో వాయించేవాళ్ళకు ఎడమవైపు, కాస్త వెనకగా కూర్చోవాలి. పేజీ చివర రెండు వరసలు ఉన్నాయనగా లేచి, ఎడమ చేత్తో పై కుడి మూల పట్టుకుని, వాళ్ళు తలాడించగానే ఒక్క ఊపున తిప్పాలి. చెయ్యి పేజీకి అడ్డంగా రాకూడదు, గాజులు గలగలమనకూడదు. రెండు పేజీలు ఒకేసారి తిరగకుండా ముందురోజే మూలలు కొద్దిగా మడిచి పెట్టండి. కనీసం ఒకసారి మొత్తం కలిసి సాధన చేయించండి. ట్యాబ్‌లో చూసి వాయించేవాళ్ళయితే ఈ గొడవ లేదు, ఛార్జింగ్ గొడవ ఉంది.

అదనపు వయొలిన్ ఒకటి దగ్గర పెట్టుకుంటే మంచిది. మన ఊళ్ళో దొరికేది కర్ణాటక శ్రుతిలో ఉంటుంది, స-ప-స-ప. వీళ్ళకు కావాల్సింది జి-డి-ఎ-ఇ. అప్పటికప్పుడు మారిస్తే కొత్త బిగువుకు తీగలు జారుతూనే ఉంటాయి. ముందురోజే మార్చి, రెండు మూడుసార్లు సరిచేసి పెట్టాలి. అరువిచ్చిన వాళ్ళకు తిరిగి ఇచ్చేటప్పుడు వాళ్ళ శ్రుతికి మార్చి ఇవ్వడం మర్యాద.

ఆ రోజు

పియానో శ్రుతి పని ఉదయం తొమ్మిదికే మొదలవ్వాలి, రెండు గంటలు పడుతుంది. ఆ సమయంలో చీపురు శబ్దం కూడా ఉండకూడదు. అందుకే ఊడ్చే పని ముందురోజు సాయంత్రమే చేయించండి. కచేరీలో ఫ్యాన్లు, కిటికీలు ఎలా ఉంటాయో అప్పుడూ అలాగే ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు కుదిర్చిన శ్రుతి మధ్యాహ్నం వేడికి కదులుతుంది.

వయొలిన్‌ను కారులో వదిలేసి టిఫిన్‌కు వెళ్ళనివ్వకండి. చెక్కల్ని అతికించేది జంతువుల చర్మంతో చేసే బంక. ఎండలో నిలిపిన కారు వేడికి అది మెత్తబడి అతుకులు విడుతాయి.

పదకొండున్నరకు రిహార్సల్, పన్నెండుంబావుకు ఆపేయాలి. వాయించేవాళ్ళు తినేది అప్పుడే, తేలిగ్గా. 12.30కి తలుపులు తెరిచి, అన్నం పొట్లాలు బయట చెట్టు కింద పెట్టండి. చిత్రాన్నం, పెరుగన్నం చాలు. సాంబారు వద్దు, పొట్లం కారి బెంచీ మీద పడితే అయ్యగారి ముందు మళ్ళీ నిలబడాలి. లోపల తినకూడదు, నీళ్ళ సీసా పరవాలేదు. మేము ఒకసారి మురుకులు కూడా పెట్టాం. ఎవరో జేబులో వేసుకుని లోపలికి తెచ్చారు. ‘మెడిటేషన్’లో ధ్వని సన్నగా ఆరిపోయే చోట, నిశ్శబ్దంలో, కరుక్కుమని ఒక శబ్దం. తప్పు మాదే.

1.10కి ఒకరు లేచి రెండే మాటలు చెప్పాలి. ఫోన్లు ఆపండి, ఫలానా సమయానికి అయిపోతుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం ఇవేవీ వద్దు. ముఖ్య అతిథిని పిలిస్తే ఆయన వచ్చేదాకా ఆగాలి, వచ్చాక ఆయన ఆగడు.

చప్పట్ల గురించి కొంచెం. సొనాటాలో ఒక భాగం అయ్యాక రెండోది మొదలయ్యేలోపు చప్పట్లు కొట్టకూడదనేది ఇప్పటి పాశ్చాత్య ఆచారం. తెలియక కొట్టినవాళ్ళను వెనక్కి తిరిగి గుర్రుగా చూసే మహానుభావులుంటారు. వాళ్ళకు చెప్పండి, అదే 1778లో పారిస్‌లో తన సింఫనీ వాయిస్తుంటే భాగం మధ్యలోనే జనం చప్పట్లు కొట్టారని మోజార్ట్ తండ్రికి ఆనందంగా రాశాడు. మన దగ్గర బాగున్నచోట ‘భళా’ అనేది ఎలాగూ ఉంది. నేను చేసేదల్లా, కరపత్రంలో "ఇందులో రెండు భాగాలు" అని రాయడం. చాలామందికి అది సరిపోతుంది.

ముక్కకూ ముక్కకూ మధ్య వాయించేవాళ్ళే రెండు వాక్యాలు తెలుగులో చెబితే బాగుంటుంది. తెలుగు రానివాళ్ళయితే మీరు చెప్పండి, అరనిమిషం మించకుండా.

1.40కి ఒకసారి గడియారం చూడండి. ఆలస్యమైతే తీసేయాల్సింది ఏదో ముందే అనుకుని ఉండాలి. మాకు అది ఎప్పుడూ క్రైస్లరే. మోజార్ట్‌లో రెండో భాగాన్ని మాత్రం ముట్టుకోం. 1.50కి అయిపోయిందని చెప్పి తలుపులు పూర్తిగా తెరవండి. కీర్తన కావాలన్నవాళ్ళు ఉంటారు, పని ఉన్నవాళ్ళు వెళ్తారు, ఎవరూ మొహమాటపడకుండా.

అయ్యాక

పొట్లాల కాగితాలు, ఆకులు ఏరడం అందరికన్నా ముందు మీరే మొదలుపెట్టండి. బెంచీలు యథాస్థానంలో, పియానో పై మూత మూసి, గుడ్డ కప్పి, నఫ్తలీన్ ఉండలు కొత్తవి వేసి. డబ్బాలో పడిన డబ్బు కమిటీ మనిషి ఎదురుగా లెక్కపెట్టి కాగితం మీద సంతకం. తాళాలు చూసుకునే పెద్దాయనకు రెండు పొట్లాలు ముందే తీసి పెట్టి ఉంచండి. ఒంటిగంట నుంచి ఆయన తినకుండా గేటు దగ్గరే నిలబడి ఉంటాడు. వయొలిన్ మనిషి హడావిడిలో ఫోటోల కోసం వెళ్ళిపోతే, కమాను వెంట్రుకలు సడలించారా అని ఒకసారి అడగండి. ఆ బిగువులోనే పెట్టెలో పెట్టేస్తే కర్ర వంపు పోతుంది.